నిమ్మలకుంట వెళ్తుంటే దారిలో ఎక్కడా ఆగకండి

తోలుబొమ్మలు చూడాలనో, బల్బు చుట్టూ బొమ్మల తోలు బిగించిన దీపం కొనాలనో ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంట ఊరికి బయల్దేరేవాళ్లకి నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే. ధర్మవరంలో ఎవరేం చెప్పినా వినకుండా నేరుగా ఊళ్లోకి వెళ్లి, ఆ పని చేసేవాళ్ల అరుగు మీదే కూర్చోండి. మేము వినబట్టి ఒక పూట, ఆరొందల రూపాయలు పోయాయి. డబ్బు సంగతి వదిలేసినా, చేతిపని మీద బతికే ఊరి గురించి అంత అబద్ధం చెప్పిన మనిషి మీద కోపం నాకింకా తగ్గలేదు.

ఈ ప్రయాణం అమ్మ కోసం పెట్టుకున్నది. అమ్మది బాపట్ల దగ్గర పల్లె. ఆరేడేళ్ల వయసులో గుడి ముందు తోలుబొమ్మలాట చూసిందట. రాముడూ రావణుడూ గుర్తులేరు గానీ మధ్యమధ్యలో వచ్చి నవ్వించే బంగారక్క మాత్రం అలాగే ఉండిపోయింది. మొగుడు జుట్టుపోలిగాణ్ణి చీపురుతో కొట్టేదని చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది. అమ్మ, అక్క, నేను సెప్టెంబరు మొదటి వారంలో కాచిగూడలో రాత్రి రైలెక్కాం. ముగ్గురికీ స్లీపర్ టికెట్లు వెయ్యి దాటలేదు. రైలు గురించి చెప్పడానికేమీ లేదు, తెల్లారకముందే ధర్మవరంలో దించింది.

లాడ్జీ గురించి మాత్రం చెప్పాలి. స్టేషన్‌కి దగ్గర్లో, రెండు రోజుల ముందు ఫోన్లో మాట్లాడి పెట్టుకున్న గది. ఏసీ, వేడినీళ్లు, రోజుకి 1,400 అన్నారు. నాలుగున్నరకి వెళ్తే కౌంటర్ వెనకాల పడుకున్న కుర్రాడు లేచి తాళం చేతిలో పెట్టాడు. ఎనిమిదింటికి వాడే తలుపు కొట్టి, ఇక్కడ రోజు లెక్క పొద్దున ఎనిమిదికి మారుతుంది, ఇంకో 1,400 కట్టమన్నాడు. మూడున్నర గంటలకి ఒక రోజు అద్దె! ఫోన్లోనే ఈ ముక్క ఎందుకు చెప్పలేదంటే "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు. గీజరు పనిచెయ్యదు, బకెట్టు వేడినీళ్లకి 40. దుప్పటి మార్చమంటే దులిపి మళ్లీ అదే పరిచాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. మొత్తం 2,920 వాళ్ల చేతిలో పోశాం. అమ్మ ఆ బాత్రూంలో స్నానం చెయ్యనని తెగేసి చెప్పి, మొహం కడుక్కుని మెట్ల మీద కూర్చుంది. స్నానం చెయ్యకుండా గడప దాటని మనిషి. ఆ తర్వాత రెండు గంటలు మాతో మాట్లాడలేదు.

బయటికొచ్చి నిమ్మలకుంటకి రానూపోనూ 600కి ఆటో మాట్లాడుకున్నాం. ఊరు పది పన్నెండు కిలోమీటర్లే. ధర్మవరం పొలిమేర దాటకముందే డ్రైవరు మొదలుపెట్టాడు. "ఆడెవరూ చేయడం లేదు మేడమ్ ఇప్పుడు. ముసలోళ్లు పోయినారు, పిల్లోళ్లు బెంగళూరు పోయినారు. ఒకరిద్దరుంటే వాళ్లు కూడా ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి పోయినారు. సరుకంతా మాకు తెలిసిన షాపులోనే ఉండాది." మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అమ్మ మొహం ఇంకా వాడిపోయింది. సరే, అంత దూరం వచ్చాం కదా, కనీసం షాపయినా చూద్దామని దిగాం.

అడుగున్నర ఎత్తు దీపం 4,800 చెప్పాడు షాపతను. చేత్తో చేసిన అసలు పని అన్నాడు. నాకెందుకో పట్టుకుంటే తోలులా అనిపించలేదు. ఫోన్ టార్చి వెనక నుంచి పెట్టి చూశాను. సీత మెడలో హారం చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది గానీ ఒక్క చుక్కలోంచీ వెలుగు రావట్లేదు. చిల్లులు కావవి, అచ్చువేసిన చుక్కలు. లోపలి వైపు రంగే లేదు. ఏదో మందపాటి ప్లాస్టిక్ కాగితం. అడిగితే మాట మార్చి, అసలువి కావాలంటే లోపలున్నాయి, 6,500 అవుతుందన్నాడు. వచ్చేశాం. డ్రైవరు నిమ్మలకుంటకి రానన్నాడు. వెయిటింగ్ అయింది, 600 ఇచ్చి దిగమన్నాడు. అక్క గట్టిగా పోట్లాడింది గానీ పది మంది పోగవడం చూసి నేనే ఇచ్చేశాను.

బస్టాండుకి నడిచి పల్లెవెలుగు ఎక్కాం. అమ్మ ఆధార్ ఇంకా పుట్టింటి ఊరి చిరునామాతోనే ఉంది కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యే స్త్రీశక్తి పథకంలో అమ్మకి సున్నా టికెట్, హైదరాబాద్ ఆధార్లు కాబట్టి మా ఇద్దరికీ చెరో 20. ఆ సున్నా టికెట్టు చూసుకున్నాక అమ్మ మొదటిసారి నోరు విప్పింది. "ఇదేదో పొద్దున్నే చేసుంటే సరిపోయేది."

ఇక ఊరు. ఎవరూ లేరన్న ఆ ఊళ్లో దిగగానే ఉలి మీద సుత్తి పడే చప్పుడు రెండు మూడు ఇళ్లలోంచి వినిపించింది. మేకల తోళ్లు నాలుగు వైపులా లాగి మేకులు కొట్టి ఎండబెట్టిన చెక్కలు గోడలకి చేరేసి ఉన్నాయి. పచ్చి తోలు వాసన ఘాటుగానే ఉంటుంది, అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఎవర్ని పలకరించినా ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి ముందు చెప్తారు, తమ ఇంటికే వచ్చినంత సంబరంగా.

మేము కూర్చున్న ఇంటాయనకి అరవై దగ్గర పడి ఉంటాయి. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ కలిసిన మాట. పూర్వీకులు అటునుంచి వచ్చినవాళ్లట. మాతో మాత్రం చక్కటి అనంతపురం తెలుగు. చాప మీద కూర్చుని కొయ్య దిమ్మ మీద తోలు పరుచుకుని రాముడి కిరీటానికి చిల్లులు కొడుతున్నాడు. పక్కన చిన్నా పెద్దా ఉలులు ఇరవై దాకా వరసగా ఉన్నాయి. ఒకటి చుక్క కొడుతుంది, ఒకటి అర్ధచంద్రం, ఒకటి బియ్యపు గింజంత గీత. నేను తోలుని వెలుగుకి ఎత్తి చూశాను. నగలన్నీ చిల్లులే. హారం, వడ్డాణం, చెవి పోగులు అన్నీ ఆయన తోలు తీసేసిన చోట్లే మెరుస్తున్నాయి. పొద్దున ఆ షాపులో చుక్కలు చూసి మోసమని ఎందుకు అనిపించిందో అప్పుడు బాగా అర్థమైంది.

ఈ పనిలోకి ఎలా వచ్చారని అడిగాను. "వచ్చేదేముండాది మ్మా, పుట్టిందే తెరెనక. మా నాయన ఆడిస్తాంటే నేను దీపాల్లో ఆముదం పోస్తాంటి. నిద్రొస్తే ఆ బొమ్మల పెట్టె మీదే పండుకుంటాంటి" అన్నాడు. ఎద్దులబండి మీద పెట్టె, వెదురు గడలు, మద్దెల, చెక్క పలకలు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లట. చెక్కలెందుకంటే యుద్ధం వచ్చినప్పుడు కాళ్లతో తొక్కడానికి. రాత్రి అన్నాలయ్యాక మొదలుపెడితే తెల్లారేదాకా ఆట. వానలు లేకపోతే విరాటపర్వం ఆడించమని ఊళ్లవాళ్లే వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఆడవాళ్లు పాడుతూనే బొమ్మా ఆడించాలి. ఆయన భార్య పదమూడేళ్లకే సీత పద్యాలు పాడేదట.

సినిమాలు, తర్వాత టీవీలు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గారు. ఆయన నాలుగేళ్లు చెనక్కాయ చేలల్లో కూలికి పోయాడు. తోలు మీద దీపాలు చెయ్యడం నేర్చుకున్న మేనమామ ఒకాయన, చేతిలో విద్య పెట్టుకుని కలుపు తీస్తావా అని కోప్పడి తెచ్చి కూర్చోబెట్టాడట. మొదటి దీపం మీద సీతను గీస్తే వాళ్లమ్మ ఊరుకోలేదు. "సీతమ్మను బల్బు చుట్టూ కట్టేదేందిరా అని రెండు దినాలు బువ్వ తినల్యా మా యమ్మ" అన్నాడు. ఆ తల్లి ఉన్నన్నాళ్లూ దీపాల మీద నెమళ్లు, లేళ్లు, లతలే గీశాడు. ఇప్పటికీ ఆయన దీపాల మీద దేవుడి బొమ్మ ఉండదు. దేవుళ్లు కావాలన్నవాళ్లకి గోడకి తగిలించే పటాలు చేసిస్తాడు. కొడుకు బెంగళూరులో పనిచేసేవాడు, లాక్‌డౌన్లో ఇంటికొచ్చి ఇక వెళ్లలేదు. ఇనుప ఫ్రేములు, పార్సిళ్లు అతనివి. రంగులు కోడలివి. తోలు నానబెట్టి మెత్తగా ఉన్నప్పుడే ఫ్రేముకి లాగి కుట్టేస్తారు. ఆరాక డప్పులా బిగుసుకుంటుంది, ఆ తర్వాతే గీతలూ రంగులూ.

మధ్యాహ్నం ఎక్కడ తింటారని అడిగి, మేము నసుగుతుంటే వాళ్లే రాగి సంగటి, ఊరిబిండి పెట్టారు. చెనక్కాయల ఊరిబిండి అంత కమ్మగా నేనెక్కడా తినలేదు. పొద్దున్నుంచి ఏమీ ముట్టని అమ్మ రెండో ముద్ద అడిగి వేయించుకుంది. డబ్బులిస్తే తీసుకోలేదు.

అమ్మ అప్పుడడిగింది, బంగారక్క ఉందా అని. ఆయన లేచి లోపల్నుంచి వెదురు పెట్టె తెచ్చాడు. రాముడి పక్షం పైన, రావణుడి పక్షం అడుగున, మధ్యలో గుడ్డ. రెండూ తగలకూడదట. నా భుజం దాకా వచ్చే హనుమంతుడు బయటికొచ్చాడు. పాత తోలు తేనె రంగుకి తిరిగి ఉంది. తోక మూడు చోట్ల అతుకు. "ఇది మా తాత కుట్టింది. ఇది మా నాయన. ఇది నేను" అని వేలితో చూపించాడు. అక్క దానికి పదివేలు ఇస్తానంది. అమ్మేది కాదు అని మెల్లగా చెప్పి పక్కన పెట్టాడు. బంగారక్క మాత్రం లేదు. చీకిపోతే ఏట్లో వదిలేశారట, కొత్తది చెయ్యలేదు, ఆట లేదు కదా అన్నాడు.

అమ్మ మొహం చూసి ఏమనుకుందో, ఆయన భార్య తలుపులు మూసి, వాకిలికి తెల్ల పంచె కట్టి వెనకాల బల్బు వేలాడదీసింది. పది నిమిషాలు. లంకలో హనుమంతుడు. ఆయన రెండు చేతుల్లో బొమ్మ, కాళ్ల కింద చెక్క, ఆమె గొంతు. బొమ్మని తెరకి ఆనిస్తే చిల్లులన్నీ వెలిగాయి, వెనక్కి లాగితే మసకబారి పెద్దదైంది. అరవై ఏళ్ల ఆవిడ గొంతు ఆ గదిలో పట్టలేదు. అమ్మ చాప మీద నుంచి లేచి తెర దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆట అయ్యాక వెయ్యి రూపాయలు తాంబూలంలో పెట్టి ఇస్తే ఆవిడ కళ్లకద్దుకుని తీసుకుంది.

ఇక కొనుగోలు. అడుగున్నర దీపం, షాపువాడు 4,800 చెప్పిన సైజే, ఇక్కడ 1,800. పుస్తకాల్లో పెట్టుకునే చిన్న బొమ్మలు ఒక్కోటి 50. అక్క 1,800 దీపాన్ని 1,500కి బేరమాడింది. నాకు తల తీసేసినట్టయింది. లాడ్జీవాడికి లెక్కలేకుండా పోశాం, ఆటోవాడికి ఊరికే ఇచ్చాం, అన్నం పెట్టిన ఇంట్లో మూడొందలకి గీచి గీచి బేరమా? బస్సులో ఇదే మాటంటే, అందరూ ఆడతారు, వాళ్లూ ఆ లెక్క వేసుకునే చెప్తారంది. వేసుకోలేదు. మొదట చెప్పిన ధరే ఆ ఇంట్లో అందరికీ చెప్పే ధరని పక్కింటి దీపాలు చూసినా తెలుస్తుంది. దిగాక మూడొందలు ఫోన్లో ఆయనకి పంపాను. అక్క ఆ రాత్రి నాతో ముభావంగానే ఉంది, ఉండనీ.

మర్నాడు లేపాక్షి, కారు 3,200, హాయిగా గడిచింది. వీరభద్రుడి గుడి పైకప్పు చిత్రాలు ముందు చూసి నిమ్మలకుంట వెళ్లినవాళ్లకి ఎలా ఉంటుందో గానీ, మాకు ఆ పక్కకి తిరిగిన మొహాలు, సాగిన కళ్లు, నల్లటి గీతల అంచులు చూస్తే పెట్టెలోంచి బొమ్మలు పైకెక్కినట్టే ఉంది.

వెళ్లేవాళ్లు ధర్మవరంలో బస పెట్టుకోకండి, అనంతపురంలో దిగి పొద్దున్నే రండి. ధర్మవరంలోనే ఉండాల్సి వస్తే రోజు లెక్క ఎన్నింటికి మారుతుందో అడిగి రాయించుకోండి. దీపం కొనేటప్పుడు వెనక వెలుగు పెట్టి చూడండి, చిల్లుల్లోంచి వెలుగు రావాలి, తోలు మందం అన్ని చోట్లా ఒకేలా ఉండకూడదు. ఇంట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బు మాత్రమే వాడండి, వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుంటుంది. తడిగుడ్డతో అసలు తుడవద్దు, తడి తగిలితే మళ్లీ మెత్తబడి వదులవుతుంది. పొడి బ్రష్షు చాలు.

అమ్మ వచ్చేముందు ఆయనకి బంగారక్కని చెయ్యమని చెప్పి 900 చేతిలో పెట్టింది. చీపురు కూడా ఉండాలని మరీ మరీ చెప్పింది. ముసురు పట్టింది, తోలు ఆరదు, ఎండలొచ్చినాక చేసి పంపుతానన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అమ్మ వాళ్ల కోడలికి ఫోన్ చేసి అక్కడ ఎండ కాస్తోందా అని అడుగుతోంది.