గజపతి జిల్లాలో ప్లస్ త్రీ కెమిస్ట్రీ ఆనర్స్: ఇన్నేళ్లకి నా మాట

సిలబస్, ఫీజులు, శామ్స్‌లో (ఒడిశా కాలేజీ అడ్మిషన్ల వెబ్‌సైట్) ఆప్షన్లు పెట్టుకోవడం, ఇవేవీ ఇక్కడ రాయను. జిరాక్స్ షాపు కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. నేను రాసేది ప్రాక్టికల్స్ గురించి. ప్లస్ త్రీ అనే ఈ మూడేళ్ల డిగ్రీలో ఇప్పటికీ నాకు తిండి పెడుతున్నది అవే. మిగతాదంతా గాలికి పోయిందని అనను గానీ, చాలామటుకు పోయింది.

2016లో చేరాను, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న గజపతి జిల్లాలో ఒక కాలేజీలో. మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాను కాబట్టి పేరు వద్దు. క్లాసులో చాలామంది ఇళ్లల్లో తెలుగే. సార్లు ఒడియాలో పాఠం చెబితే, పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, వెనక బెంచీలో సందేహాలు తెలుగులో తీరేవి. ఈ మూడు భాషల గోల గురించి బయటివాళ్లు ఎక్కువ భయపడతారు. మాకు అది ఎప్పుడూ సమస్య కాలేదు.

అదే ఏడాది శ్రీకాకుళంలో మా మావయ్య కూతురు ఎంపీసీ డిగ్రీలో చేరింది. దానికి మూడు సబ్జెక్టులూ సమానం. మాకు ఆనర్స్ అంటే కెమిస్ట్రీదే పెత్తనం. ఫిజిక్స్, లెక్కలు జీఈ (జెనెరిక్ ఎలెక్టివ్, అంటే పక్క సబ్జెక్టు) పేరుతో రెండేసి పేపర్లు. (ఆంధ్రలో కూడా 2023 నుంచి సింగిల్ మేజర్ పెట్టేశారు కాబట్టి ఈ తేడా ఇప్పుడంత లేదు.) మాకు నచ్చిన ఏర్పాటు ఏమిటంటే, కోర్ పేపర్ ప్రతిదానికీ నాలుగు క్రెడిట్ల థియరీ పక్కనే రెండు క్రెడిట్ల ప్రాక్టికల్ కూడా ఉండేది. మా సీనియర్లు ఏడాది చివర ఒక్కసారి పరీక్షకి ల్యాబ్ మొహం చూసేవారట. మేం ఏ సెమిస్టర్‌లోనూ తప్పించుకోలేకపోయాం.

మొదటి సెమిస్టర్‌లోనే పర్మాంగనేట్ టైట్రేషన్, అంటే ఒక ద్రావణాన్ని బ్యూరెట్ గొట్టంలోంచి బొట్లుగా వదిలి రెండోదాని బలం కొలవడం. దాన్ని నాకు నేర్పింది సారు కాదు, ల్యాబ్ అటెండర్ బాబాయి. అందరం బ్యూరెట్‌లో కింది వంపు చూసి రీడింగ్ రాస్తుంటే వచ్చి, "ఏటిరా, ఆ నల్లటి దాంట్లో కింద నీకేటి కనబడిందిరా?" అన్నాడు. నిజమే, అంత ముదురు రంగు ద్రావణంలో అడుగు వంపు కనబడదు, పై అంచే చూడాలి. ఆక్జాలిక్ ఆమ్లాన్ని 60 డిగ్రీల దాకా వేడి చేసి బొట్టు బొట్టుగా వదిలితే, మొదటి బొట్ల రంగు ఎంతకీ పోదు. సగంమంది అక్కడే ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిందని రంగు చెప్పే చోటు) వచ్చిందనుకుని ఆపేస్తారు. కాసేపు ఆగితే, పుట్టిన మాంగనీస్ అయాన్లే చర్యని తోసుకుపోతాయి, ఆ తర్వాత బొట్టు పడగానే రంగు మాయం. హైడ్రోక్లోరిక్ వేస్తే క్లోరైడ్ కూడా పర్మాంగనేట్‌ని తినేస్తుంది కాబట్టి సల్ఫ్యూరిక్ వేయాలని పుస్తకంలో ఉంది. హైడ్రోక్లోరిక్ వేసి రీడింగ్ ఎంత పెరుగుతుందో చూడమని బాబాయి చూపించాడు. ఆయన చదువుకున్నది తక్కువే, కానీ అంతటి కెమిస్ట్రీ మాస్టారు నాకు మళ్లీ దొరకలేదు.

ఇంత మెచ్చుకున్నాక ఫిజిక్స్ సంగతి కూడా చెప్పాలి. జీఈ ఫిజిక్స్ ల్యాబ్‌లో బార్ పెండ్యులం పట్టుకుని g విలువ కట్టమనేవారు. చాలా రికార్డుల్లో 980 చుట్టుపక్కల భలే అందమైన విలువలు ఉండేవి. ముందు g రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లి కాలాలు నింపుకునేవారు. రీడింగులు వండడం అంటాం మేం. పెండ్యులంకి ఇచ్చే సమయం తక్కువ, మనుషులు ఎక్కువ, స్టాప్‌వాచీలు ఇంకా తక్కువ. సార్లకి తెలీదని ఎవరూ అనుకోలేదు. కెమిస్ట్రీలో కూడా ల్యాబ్ వారం వారం సజావుగా నడిచిందని చెప్పలేను. కొన్ని సెమిస్టర్లలో మొత్తం ప్రాక్టికల్స్ పరీక్షకి ముందు నెలలో కుక్కేశారు. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఒకటి గాజు తలుపుల బీరువాలో ఉండేది, బీరువాకి తాళం ఉండేది.

ఇప్పుడు తిత్లీ తుపాను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మా వైపు గాలి కన్నా వాన ఎక్కువ పాడుచేసింది. ఏరులు పొంగాయి, రోడ్లు తెగాయి, కరెంటు స్తంభాలు నేలకూలాయి. మాది అప్పుడు ఐదో సెమిస్టర్. కాలేజీ తెరిచారు గానీ కరెంటు రాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లూ లేరు. పక్కన ఫిజిక్స్ ఆనర్స్ వాళ్ల ల్యాబ్ చచ్చుబడింది. హాల్ ఎఫెక్ట్ సెట్‌కి కరెంటు కావాలి, ఎల్‌ఈడీలతో ప్లాంక్ స్థిరాంకం కట్టడానికి కరెంటు కావాలి, సోడియం దీపానికి సరేసరి. వరండాలో కూర్చున్న వాళ్లని "బార్ పెండ్యులం ఉంది కదా, ఊపుకోండి" అని ఏడిపించేవాళ్లం.

మా ఇనార్గానిక్ సారు మాత్రం ల్యాబ్ తలుపులు, కిటికీలు బార్లా తీయించారు. బ్యూరెట్‌కి కరెంటు అక్కర్లేదు, పగటి వెలుతురు చాలు. చిక్కల్లా తూకం దగ్గర వచ్చింది. ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్ నిద్రపోయింది కదా. బాబాయి స్టోర్‌లోంచి పాత రెండు పళ్లేల త్రాసు బయటికి తీశాడు, గాజు పెట్టెలో ఉండేది, తూకపు రాళ్ల డబ్బా, పట్టుకారు అన్నీ దానితోనే. మా బ్యాచ్‌లో ఎవ్వరం దాన్ని ముట్టుకుని ఎరగం. ముల్లు ఇటూ అటూ సమంగా ఊగేదాకా మిల్లీగ్రాముల రాళ్లు మార్చుకుంటూ పోవడం, చేత్తో ముట్టుకుంటే చేతి జిడ్డు బరువు కూడా తోడవుతుందని తిట్లు తినడం. ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్ మీద మీట నొక్కి నాలుగు దశాంశాలు రాసుకున్నన్నాళ్లూ తూకం అంటే ఏమిటో నాకు తెలీదనే చెప్పాలి. స్వేదన జలం డబ్బాల్లో ఉన్నదే మిగిలింది, కొత్తగా తీయడానికి కరెంటు లేదు. అది ద్రావణాలు కలపడానికే వాడాలి, గ్లాస్‌వేర్ బోరు నీళ్లతో కడిగి, ఆఖరికి ఒక్కసారి మాత్రం స్వేదన జలం తిప్పాలి అని సారు లెక్క పెట్టారు.

ప్రయోగం ఏమిటంటే, ఊళ్లలో బావుల్లో చల్లడానికి పంచిన బ్లీచింగ్ పౌడర్. ఆ సెమిస్టర్ సిలబస్‌లో అది ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఎవరి ఊళ్లోంచి వాళ్లు ప్లాస్టిక్ కవర్లో చిటికెడు పొడి తెచ్చుకోమన్నారు. రెండున్నర గ్రాములు తూచి, కల్వంలో నీళ్లతో ముద్దగా నూరి, 250 మిల్లీలీటర్లు చేసి, తేటని కాకుండా బాగా కుదిపి ఆ తెల్లటి మబ్బు నీళ్లనే పిపెట్‌తో తీయాలి. పొటాషియం అయోడైడ్, ఎసిటిక్ ఆమ్లం వేస్తే గోధుమ రంగు అయోడిన్ బయటపడుతుంది. దాన్ని హైపోతో (సోడియం థయోసల్ఫేట్) టైట్రేట్ చేసి, రంగు గడ్డిపసుపుకి దిగాక స్టార్చ్ వేయాలి.

స్టార్చ్ లేదు. సీసాలోది బూజు పట్టింది. కొత్తది ఉడికిద్దామంటే గ్యాస్ సిలిండర్ ఖాళీ. బాబాయి హాస్టల్ వెనక కట్టెల పొయ్యి మీద వంట చేస్తున్న వంటాయన దగ్గరికెళ్లి గ్లాసుడు గంజి వంచుకొచ్చాడు. సారు దాన్ని పలచన చేసి గుడ్డలో వడపోసి, "అన్నం తినేవాళ్లే కదా మీరు, నమ్మండి" అన్నారు. రెండు చుక్కలు వేస్తే ఫ్లాస్కు మొత్తం నీలం. కాస్త ఊదా ఛాయ ఉందేమో గానీ ఎండ్ పాయింట్ దగ్గర ఒక్క బొట్టుకి తెల్లబడిపోయింది. మూడు రీడింగులూ కలిసొచ్చాయి. మేం వండకుండా కలిసిన రీడింగులు.

ఫలితం చూస్తే నవ్వులాట ఆగిపోయింది. తాజా పొడిలో 30 శాతానికి పైన క్లోరిన్ దొరకాలి. ఆ వారం వచ్చిన బస్తాలో ఉంది కూడా. ఒక ఊరి బస్తా మాత్రం ఎప్పుడో మూతి విప్పి చెమ్మ గదిలో పడేసినదట, అందులో సగం కూడా లేదు. ఆ ఊరి క్లాస్‌మేట్ వాళ్ల నాన్న వార్డు మెంబరు. వాడు సాయంత్రమే వెళ్లి చెబితే, ఆ పొడిని రెండింతలు చల్లడం మొదలుపెట్టారు. మర్నాడు సారుకి ఆ మాట గొప్పగా చెబితే ఆయన మమ్మల్ని అక్కడే ఆపారు. పొడిలో ఎంతుందో తెలిస్తే నీళ్లు శుభ్రమైనట్టు కాదు. బావిలో చల్లి అరగంట ఆగాక నీళ్లలో ఇంకా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి, అది చూశారా అన్నారు. చూడలేదు. అంత సన్నటి కొలతకి మా హైపో సరిపోదు కూడా. మా బోరు నీళ్ల కాఠిన్యం కూడా ఈడీటీఏ అనే రసాయనంతో కట్టించారు గానీ, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎరుపు నుంచి నీలానికి మారే ఆ రంగు తప్ప.

డిగ్రీ అయ్యాక పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షించే విభాగం) చేరాను, ఇప్పటికీ ఆ లైన్లోనే ఉన్నాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, సోడియం హైడ్రాక్సైడ్‌ని తూచి నేరుగా నార్మాలిటీ (ద్రావణం గాఢత) ఎందుకు రాయకూడదు అని. గాల్లో తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుంటుంది కాబట్టి తూకం నమ్మలేం, ఆక్జాలిక్ ఆమ్లంతో కొలుచుకోవాలి అన్నాను. తర్వాత తిత్లీ, గంజి సంగతి చెబితే నవ్వారు. నవ్వి, స్టార్చ్ మొదట్లోనే ఎందుకు వేయకూడదో చెప్పు అన్నారు. అయోడిన్ ఎక్కువగా ఉన్నప్పుడు వేస్తే స్టార్చ్ దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, చివర్లో వదలడానికి మొరాయిస్తుంది. ఆ జవాబు పుస్తకంలో కూడా ఉంటుంది. కాకపోతే గంజితో చేసినవాడికి తడబాటు ఉండదు.

అక్కడితో ల్యాబ్ మహిమ అయిపోయిందనుకోవద్దు. చేరిన వెంటనే నా ముందు పెట్టింది హెచ్‌పీఎల్‌సీ, మందులో ఏ పదార్థం ఎంతుందో విడదీసి చూపే యంత్రం. కాలేజీలో దాని బొమ్మ మాత్రం చూశాను. హైదరాబాదులో చదివొచ్చిన కుర్రాళ్లు దాని మీద చెయ్యి తిరిగి ఉంటే, నేను మొబైల్ ఫేజ్ (ఆ యంత్రంలో పారించే ద్రవం) వడకట్టడం దగ్గర్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. నీటి శాతానికి కార్ల్ ఫిషర్ యంత్రం, మామూలు టైట్రేషన్‌కి ఆటో టైట్రేటర్ ఉంటాయి. చేత్తో బ్యూరెట్ పట్టేది బాగా తక్కువ. ఇంకోటి, మందుల కంపెనీలో తప్పు అంకె కొట్టేయాలంటే ఒకే గీత గీసి, పక్కన సంతకం, తేదీ, కారణం రాయాలి. పెండ్యులం రికార్డులు వండుకున్న మా బ్యాచ్ వాళ్లకి ఆ అలవాటు కష్టంగానే పట్టుబడింది. కాబట్టి ప్రాక్టికల్స్ నేర్పాయి అని నేను పైన అన్నప్పుడు, ఆ ఇనార్గానిక్ సారూ బాబాయీ ఉన్న ల్యాబ్ నేర్పింది అని చదువుకోండి. మా పక్క కాలేజీలో అదే సిలబస్, అదే యూనివర్సిటీ, అక్కడివాళ్లు ఇలా అనకపోవచ్చు.

పైకి చదువుకునేవాళ్లకి రెండు మాటలు. ఆంధ్రలో ఎమ్మెస్సీ చేద్దామనుకుంటే 85 శాతం సీట్లు అక్కడి లోకల్ వాళ్లకే, మిగిలిన వాటికీ షరతులుంటాయి. అమ్మానాన్నలు అక్కడ ఎన్నాళ్లున్నారో కాగితాలతో సహా ముందే చూసుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడతామంటే ఆ లెక్కల్లోకి రాదు. ఇటువైపు సర్కారు ఉద్యోగానికి ఒడియా పాసై ఉండాలి. మధ్యలో ఉన్న మాలాంటివాళ్లకి ఐఐటీ జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష) రాయడం అన్నిటికన్నా తిన్నని దారి, అక్కడ లోకల్ గొడవ లేదు. బరంపురంలో ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థ) నేను డిగ్రీలో చేరిన 2016లోనే మొదలైంది, కానీ ప్లస్ టూలో మాకు దాని గురించి చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు పిల్లలకి తెలుసు.

2024లో చేరినవాళ్ల నుంచి ఇక్కడ కొత్త విద్యావిధానం, నాలుగేళ్ల లెక్క వచ్చింది. అందులో ప్రాక్టికల్స్‌ని ఎలా నడుపుతున్నారో నేను చూసింది కాదు. నా వరకైతే, ఇల్లు దగ్గర, హాస్టల్ ఖర్చు తక్కువ, నాన్నకి అంతకుమించి పెట్టే స్తోమత లేదు. ఆ పరిస్థితిలో కెమిస్ట్రీ ఆనర్స్ నాకు నష్టం చేయలేదు. డబ్బుంటే విశాఖ వెళ్లేవాణ్ణేమో, అక్కడ బాబాయి దొరికేవాడు కాదు గానీ హెచ్‌పీఎల్‌సీ దొరికేది. మా పిన్ని కొడుకు ఈ ఏడు అదే కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్ అంటున్నాడు. నేనింకా సరే అనలేదు. ముందు వెళ్లి ఆ హాల్ ఎఫెక్ట్ సెట్ పనిచేస్తోందో లేదో, ఎంతమందికి ఒకటో కనుక్కుని రమ్మన్నాను.