పొత్సువోలిలో రెండు రాత్రులు

ఇటలీలో నేపుల్స్ వెళ్లినవాళ్లు పాంపే చూసి, వెసూవియస్ ఎక్కి, పిజ్జా తిని తిరిగొచ్చేస్తారు. మేమూ అంతే చేసేవాళ్లం, నా సిమెంటు పిచ్చి లేకపోతే. ముప్పై ఏళ్లు సైట్ల మీద పి.పి.సి. సిమెంటు బస్తాలు దింపించుకున్నాను. అందులో రెండో 'పి' పొజొలానా. ఆ పేరు నేపుల్స్ పక్కనున్న పొత్సువోలి ఊరిది. ఇక్కడి అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి, నీళ్లలో కూడా గట్టిపడే కాంక్రీటు చేశారు రోమన్లు.

బయల్దేరే ముందురోజు బామ్మర్ది ఒక వీడియో పంపాడు. "బావా, ఆ ఊరి కింద లావా పైకి లేస్తోందట, యూరప్ మొత్తం బూడిదట. అక్కనెందుకు తీసుకెళ్తున్నావు?"

నేపుల్స్‌లో మోంతెసాంతో స్టేషన్ నుంచి కుమానా రైలెక్కితే చాలు, రేవు దగ్గరే దిగుతాం. బస మాత్రం కాస్త మోసం. 'సముద్రం కనిపించే గది' అని రాశారు. కనిపించింది, బాత్రూం కిటికీలోంచి మెడ బయటపెడితే. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. సూట్‌కేసులు మోసేసరికి నా నడుము సంగతి తేలిపోయింది. కానీ గది అద్దంలా ఉంది, ఇంటావిడ మంచి మనిషి. ఆవిడ గుమ్మం వెనక కొక్కేనికి ఒక సంచి వేలాడుతోంది: టార్చిలైటు, మందులు, కాగితాలు, ఒక జత బూట్లు. మా ఆవిడ అది చూసి, "ఏమండీ, ఈవిడ కూడా ఊరెళ్తోందా?" అంది.

ఆ సంచి ఎందుకో సాయంత్రం చిన్న రేవు దగ్గర అర్థమైంది. పడవలు నీళ్లలో లేవు, బురదలో పక్కకి ఒరిగి పడున్నాయి. సముద్రం వెనక్కి పోలేదు, నేలే పైకి లేచింది. 2005 నుంచి 1.4 మీటర్లకు పైగా. 1982-84 మధ్య అయితే రెండేళ్లలోనే సుమారు 1.8 మీటర్లు లేచిందట, వేల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. ఆ సంచి అలాంటి రోజు కోసమే. ఆ తర్వాత మెల్లగా కుంగింది, మళ్లీ లేస్తోంది. ఇది కొండలా నిలబడ్డ అగ్నిపర్వతం కాదు. కాంపి ఫ్లెగ్రెయి అనే పెద్ద గుంట, ఊరంతా అందులోనే ఉంది. కరిగిన రాయి కిలోమీటర్ల లోతున ఉంది. నేలను నెట్టేది ఆ మాగ్మాయేనా, దాన్నుంచి వచ్చే వేడి గ్యాసులా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు. ఈ అగ్నిపర్వతానికి అధికారులిచ్చే హెచ్చరిక రంగు 2012 నుంచి పసుపు. ప్రమాదం పెరిగితే దాని తర్వాత నారింజ, ఎరుపు ఉన్నాయి. బామ్మర్ది వీడియోలో ఈ రంగుల ఊసే లేదు.

చూడాల్సినవాటిలో నా ఓటు మాచెల్లుమ్‌కే. రోమన్ల కాలపు సంత. కమ్మీల బయట నిలబడి ఊరికే చూడొచ్చు. మూడు పాలరాతి స్తంభాలు, మనిషికి అందనంత ఎత్తున వాటి చుట్టూ చెదలు తిన్నట్టు చిల్లులు. రాతిని తొలిచే సముద్రపు ఆల్చిప్పల పని అది. అంటే ఆ స్తంభాలు ఒకప్పుడు అంతవరకూ సముద్రంలో మునిగి, మళ్లీ లేచాయన్నమాట. నేను అక్కడ గంట కూర్చున్నాను, మా ఆవిడ పది నిమిషాలు.

రోమన్ల కాలపు ఫ్లావియన్ ఆంఫీథియేటర్ కింది గదులు బాగున్నాయి. వేడి గ్యాసులు చిమ్మే సోల్ఫతారా బిలం దగ్గరికి వెళ్లకండి, 2017లో ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయాక మూసేశారు. మోంతె నువోవో చిన్న గుట్ట, 1538లో వారం రోజుల్లో పుట్టింది. ఇక్కడ చివరిసారి పేలింది అదే. దానికి ముందు కూడా నేల లేచింది, అందుకే ఇక్కడివాళ్లు నేల కొలతల్ని అంత పట్టించుకుంటారు.

భోజనం విషయంలో శాకాహారులకు మార్గరీటా, మరినారా పిజ్జాలే గతి. చింతకాయ పచ్చడి సీసా వెంట ఉంచుకోండి.

రెండో రాత్రి పన్నెండు దాటాక లారీ గోడను గుద్దినట్టు ఒక్క చప్పుడు. మంచం ఒకసారి జరిగింది. చిన్న భూకంపమే, కానీ లోతు తక్కువ కాబట్టి చప్పుడు ఎక్కువ. పరుగున వరండాలోకి వచ్చేసరికి ఇంటావిడ నైటీలో నిలబడి ఉంది, చెయ్యి సంచి మీద. ఒక నిమిషం చెవి పెట్టి విన్నది, సంచి మళ్లీ సర్ది, కాఫీ పెట్టనా అని సైగ చేసింది.

మళ్లీ వెళ్తే ఇదే ఊళ్లో దిగుతాను, కాకపోతే కింది అంతస్తులో. మా ఆవిడ మాత్రం ప్రోచిదా దీవిలో ఉండి పగలు వచ్చి చూద్దామంటోంది. పడవ ఈ రేవు నుంచే.