గ్రేట్ ఓషన్ రోడ్డు మీద హాలిడే పార్కులు: పిల్లలున్నవాళ్లు బుక్ చేసే ముందు

మెల్‌బోర్న్ నుంచి పిల్లలతో, సముద్రతీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్డుకు వెళ్లే తెలుగు కుటుంబాలకు మోటల్ కంటే హాలిడే పార్కే (క్యాబిన్లు, టెంట్లకు చోటు, ఆటస్థలం ఉన్న బస) మేలు. వంటగది ఉంటుంది, ఆడుకోవడానికి చోటుంటుంది, పిల్లలు గట్టిగా అరిచినా పక్కగది వాళ్లు గోడ తట్టరు. అయితే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నాలుగు రాత్రులకు నాలుగు ఊళ్లలో బుక్ చేసుకుంటారు. చెకిన్ మామూలుగా మధ్యాహ్నం 2 గంటలకు, చెకౌట్ ఉదయం 10 గంటలకు. దారిలో ఆగుతూ సాయంత్రం అయిదుకు చేరి, సామాను దింపి, వండి, తిని పడుకుంటే తెల్లారి లేచి మళ్లీ సర్దడమే. పార్కులో ఉన్న జంపింగ్ పిల్లోను, అంటే గెంతడానికి గాలి నింపిన పెద్ద దిండును, పిల్లలు కిటికీలోంచి చూసి వచ్చేస్తారు. మీరు డబ్బు కట్టిందే ఆ ఆటస్థలానికి. అందుకే రెండు చోట్ల రెండేసి రాత్రులు: మొదట లోర్న్ గానీ అపోలో బే గానీ, తర్వాత వార్నంబూల్.

ఈ రోడ్డు టోర్కీ నుంచి అలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా తవ్వి వేసిన రోడ్డు. కొండను చెక్కి వేశారు కాబట్టి లోర్న్, అపోలో బే మధ్య ఉన్న 45 కిలోమీటర్లూ మలుపులే. వెనక సీట్లో కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పేది ఇక్కడే. పాలు తాగించి కారెక్కించకండి, ఫోన్ చేతికివ్వకండి, అద్దం కొంచెం దించి ఉంచండి. టోర్కీ వైపు నుంచి వెళ్తే సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. వ్యూ పాయింట్లలోకి ఎదురు వాహనాలను దాటకుండా తిరగొచ్చు. సూర్యాస్తమయానికి ముందే పార్కు చేరుకునేలా లెక్క వేసుకోండి. మసక చీకట్లోనే కంగారూలు, వాలబీలు రోడ్డు మీదికి వస్తాయి.

ఇక క్యాబిన్ సంగతి. "ఆరుగురికి సరిపోతుంది" అని రాసి ఉంటే ఇద్దరు పడుకునే ఒక క్వీన్ మంచం, పైనొకటి కిందొకటి పడకలుండే రెండు బంక్ మంచాలు అనుకోవచ్చు. పై బంక్ తొమ్మిదేళ్లలోపు పిల్లలకు తగదని ఆస్ట్రేలియాలో భద్రతా సూచన ఉంది. ఇద్దరు చిన్నపిల్లలుంటే ఆ నాలుగు బంక్ పడకల్లో వాళ్లకు పనికొచ్చేవి కింది రెండే. క్వీన్ మంచానికి దుప్పట్లు ఇచ్చి, బంకులకు ఇవ్వని పార్కులు ఉన్నాయి. బుకింగ్ పేజీలో "లినెన్" అన్న వరుస చదవండి. చవకగా కనిపించే క్యాబిన్‌లో బాత్రూమ్ ఉండకపోవచ్చు. జూలై చలిలో నాలుగేళ్ల పిల్లను అర్ధరాత్రి ఎత్తుకుని ఉమ్మడి బాత్రూముల దాకా నడవాలంటే మిగిలిన డాలర్ల మీద సంతోషం ఉండదు. ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చి ఉంటే గుమ్మం ముందు ఎన్ని మెట్లున్నాయో ఫోన్ చేసి అడగండి. చాలా క్యాబిన్లు నేల నుంచి కొంత ఎత్తులో ఉంటాయి.

పార్కు మ్యాప్ చూసి నంబరు కోరుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆటస్థలానికి ఆనుకుని ఉన్న క్యాబిన్ బాగుంటుందనిపిస్తుంది. కానీ మధ్యాహ్నం నిద్రపోయే పసిపిల్లలుంటే ఆ గోల భరించలేరు. బాత్రూమ్ బ్లాక్ పక్కనైతే రాత్రంతా తలుపుల చప్పుడు. వాగు ఒడ్డున ఉన్న సైట్లు ఫోటోల్లో అందంగా ఉంటాయి గానీ, వాటికి చాలాచోట్ల కంచె ఉండదు. నడక నేర్చిన పిల్లలున్నవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు.

వంట దగ్గర మనవాళ్లకు ఎదురయ్యే చిక్కులు వేరు. క్యాబిన్ చిన్న గది, పొయ్యికి కొద్ది అడుగుల దూరంలోనే పొగ అలారం. నూనెలో ఎండుమిర్చి, ఆవాలు చిటపటలాడి ఘాటు లేవగానే అది మోగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినా ఎండుమిర్చి పొగను అది పూర్తిగా లాగదు. పోపు ఇంట్లోనే వేసి చిన్న సీసాలో తెచ్చుకోండి, పప్పు ఉడికాక కలుపుకుంటే సరి. పులిహోర పులుసు కూడా అంతే. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ కావాలి. అన్నిటికన్నా నిశ్చింత చిన్న రైస్ కుక్కర్. అన్నం, కిచిడీ, ఉప్మా మూడూ అందులో అయిపోతాయి.

ఆరుబయట అందరూ వాడుకునే క్యాంప్ కిచెన్‌లో బార్బెక్యూ ప్లేట్లు ఉంటాయి. దోసెలు వేద్దామనుకోకండి. కొవ్వు కారిపోవడానికి ఆ ప్లేటు వాలుగా ఉంటుంది, పిండి కంత వైపు జారుతుంది. చిక్కటి పిండితో చేతివెడల్పు ఊతప్పాలైతే నిలుస్తాయి. శాకాహారులు సొంత పెనం తెచ్చుకోవాలి, ఎందుకంటే అదే ప్లేటు మీద అందరూ మాంసం కాలుస్తారు. వేసవిలో టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు కట్టెలు, బొగ్గులు పూర్తిగా నిషేధం. అత్యవసర హెచ్చరికలిచ్చే విక్‌ఎమర్జెన్సీ యాప్ ఫోన్లో ఉంచుకుని పొద్దున్నే ఒకసారి చూడండి.

టెంటు గానీ క్యాంపర్‌వ్యాన్ గానీ తీసుకుంటే పవర్డ్ సైట్, అంటే కరెంటు ప్లగ్గున్న స్థలం, తీసుకోవచ్చు. దాని ప్లగ్గు 15 ఆంపియర్లది, 230 వోల్టుల దగ్గర 3,450 వాట్లు. కెటిల్ ఒక్కటే 2,200 దాకా లాగుతుంది, ఫ్యాన్ హీటర్ 2,000. రెండూ ఒకేసారి వేస్తే ట్రిప్ అవ్వొచ్చు. ముందు నీళ్లు కాచుకుని, తర్వాత హీటర్ వేసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ తీగ కూడా 15 ఆంపియర్లదే ఉండాలి. చుట్టి ఉంచకుండా పూర్తిగా విప్పి పరవాలి, చుట్ట లోపల వేడి బయటికి పోక కరుగుతుంది.

జంపింగ్ పిల్లో గురించి ఒక మాట. వాన పడి తడిస్తే జారుతుందని మూసేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండకు వేడెక్కి అరికాళ్లు చురుక్కుమంటాయి. పెద్దపిల్లలు గెంతుతుంటే పక్కనున్న మూడేళ్లవాడు బంతిలా ఎగిరిపడతాడు. చెకిన్ అవ్వగానే కాకుండా, ఉదయం టిఫిన్ ముందు తీసుకెళ్తే చిన్నవాళ్లకు చోటు దొరుకుతుంది.

జనవరి సెలవుల్లో ఈ పార్కుల్లో చాలావరకు కనీసం ఇన్ని రాత్రులు ఉండాలని షరతు పెడతాయి, ధరా పెంచుతాయి. రెండు రాత్రుల ప్రయాణానికి ఆ నెల వద్దు. మార్చిలో, స్కూలు సెలవులు మొదలవక ముందు, నీళ్లు ఇంకా ఓర్చుకునేలా ఉంటాయి, క్యాబిన్లూ దొరుకుతాయి. బీచ్‌లో మాత్రం ఏ నెలైనా లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్యనే దిగాలి, జెండాలు లేకపోతే ఇసుకలోనే ఆడించాలి.

మూడో రోజు అపోలో బే నుంచి, సముద్రంలో నిలిచిన రాతి స్తంభాలైన ట్వెల్వ్ అపోసిల్స్‌కు గంటన్నర పెట్టుకోండి. మధ్యలో మెయిట్స్ రెస్ట్ దగ్గర 800 మీటర్ల అడవి నడక ఉంది, పిల్లల కాళ్లకు సరిగ్గా సరిపోతుంది. అపోసిల్స్ దగ్గర చెక్కల దారిలో స్ట్రోలర్ వెళ్తుంది. బీచ్‌లోకి దిగే గిబ్సన్ స్టెప్స్‌కు మాత్రం 86 మెట్లు, అక్కడ బిడ్డను వీపు సంచిలో వేసుకోవాలి. గాలి విపరీతం, వేసవిలోనూ జాకెట్ చేతిలో ఉండాలి. అక్కడి నుంచి గంట పైచిలుకులో వార్నంబూల్.

వార్నంబూల్‌లో లేక్ పెర్టోబ్ ఆటస్థలానికి నడిచి వెళ్లగలిగే పార్కునే ఎంచుకోండి. ప్రవేశం ఉచితం, పిల్లలు సగం రోజు కదలరు. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తే లోగన్స్ బీచ్‌లో తిమింగలాలు పిల్లలతో కనిపించే అవకాశం ఉంది, బైనాక్యులర్ తప్పనిసరి. టవర్ హిల్ అనే వన్యప్రాణి రిజర్వుకు పదిహేను కిలోమీటర్లే. ఈమూలు కారు పక్కనే తిరుగుతాయి, తిండి మాత్రం పెట్టనివ్వకండి, బ్రెడ్డు వాటికి మంచిది కాదు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ సముద్రం వెంట రావొద్దు. ప్రిన్సెస్ హైవే మీద కోలాక్ మీదుగా దాదాపు 260 కిలోమీటర్లు, మూడు గంటలు. కోలాక్ సరస్సు ఒడ్డున బొటానిక్ గార్డెన్స్ దగ్గర ఆటస్థలం ఉంది, పొద్దున వండుకున్న పెరుగన్నం డబ్బా అక్కడ విప్పుకోవచ్చు.