పోటీ రకం కెటిల్‌బెల్స్: రెండేళ్లు, రోజుకు మూడు బ్యాచ్‌లు వాడాక

ముందే చెప్తున్నా, ఇది ఇంట్లో వారానికి రెండుసార్లు వాడేవాళ్ల రివ్యూ కాదు. నాకు చిన్న కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు, వ్యాయామానికి వాడేది) స్టూడియో ఉంది. ఒకే గది, రోజుకు మూడు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి ఎనిమిది మంది. రెండేళ్లుగా ఈ బెల్స్ ఎన్ని చేతులు మారాయో, ఎంత చెమట తాగాయో, ఎన్నిసార్లు దబ్బుమని కిందపడ్డాయో లెక్కలేదు. స్టూడియో పెడదామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది "ఏ బెల్స్ కొనాలి" అనే, అందుకే అంతా ఒక్కచోట రాసేస్తున్నా.

నిజానికి నేను మొదట కొన్నవి ఇవి కాదు. చవగ్గా వస్తున్నాయని మామూలు పోత ఇనుప బెల్స్ తీసుకున్నా, అదీ 4 కిలోల నుంచి 32 దాకా ఒక్కో బరువులో ఒక్కటి చొప్పున. గోడ పక్కన వరసగా పేర్చి ఫొటో తీస్తే భలే ఉంది. మొదటి బ్యాచ్‌కి ఆరుగురు వచ్చారు, ఆరుగురూ కొత్తవాళ్లే, వాళ్లలో నలుగురికి కావాల్సింది 12. నా దగ్గర ఉన్నది ఒక్కటి! ఒకరు స్వింగ్ (బెల్‌ని కాళ్ల మధ్య నుంచి ముందుకు ఊపడం) చేస్తుంటే ముగ్గురు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు, ఆ గంట ఎలా గడిచిందో నాకే తెలుసు. ఆ 32 కిలోలది మాత్రం తలుపు గాలికి కొట్టుకోకుండా ఆరు నెలలు చక్కగా పనికొచ్చింది.

ఆ సెట్‌తో అసలు గొడవ హ్యాండిల్ దగ్గర వచ్చింది. పోత పోసేటప్పుడు అచ్చులో రెండు సగాలు కలిసేచోట సన్నటి గీత మిగిలిపోతుంది. దాన్ని సరిగ్గా అరగదీయకుండా పైన రంగు కొట్టేస్తే కంటికి కనపడదు, హ్యాండిల్ లోపలివైపు వేలు పెట్టి తడిమితేనే తెలుస్తుంది. నేను తడమలేదు. మూడో నెలలో ఒకావిడ స్నాచ్ (బెల్‌ని ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడం) చేస్తూ చేస్తూ సెట్ మధ్యలో బెల్ కింద పెట్టేసి అరచెయ్యి చూసుకున్నారు, ఉంగరపు వేలి మొదట్లో చర్మం లేచిపోయి ఉంది. ఒక్క మాట అనలేదు, ప్లాస్టర్ వేయించుకుని నవ్వుతూ వెళ్లారు, మళ్లీ రాలేదు. ఆ రాత్రే ఆకురాయి, శాండ్ పేపర్ ముందేసుకుని హ్యాండిళ్లన్నీ అరగదీశాను. గీతతోపాటు రంగూ పోయింది, పట్టుమని పది రోజులు కాకముందే తుప్పు మొదలైంది.

అప్పుడు కొన్నవి ఈ పోటీ రకం. వీటి ప్రత్యేకత ఏంటంటే 8 కిలోలదైనా 32 కిలోలదైనా సైజు ఒకటే: ఎత్తు 280 మిల్లీమీటర్లు, గుండు వ్యాసం 210, హ్యాండిల్ మందం 35 (కొన్ని తయారీల్లో 33). కెటిల్‌బెల్ ఎత్తే పోటీలు పుట్టింది రష్యాలో. అక్కడి పాత తూకం పూడ్ అంటే 16.38 కిలోలు, మనం వాడే 16, 24, 32 లెక్క దాన్నుంచి వచ్చిందే. ఈ పోటీల్లో పది నిమిషాల పాటు బెల్ కింద పెట్టకుండా ఎత్తుతూనే ఉండాలి, బరువు మారిన ప్రతిసారీ సైజు కూడా మారితే అలవాటైన పద్ధతంతా తారుమారవుతుంది, అందుకే ఒకే కొలత.

మాకు పోటీలతో పనేముంది అనుకోవచ్చు, నేనూ అలాగే అనుకున్నా. కానీ కొత్తవాళ్లకి క్లీన్ (బెల్‌ని ఊపి భుజం దగ్గరికి తెచ్చి ముంజేతి మీద ఆనించడం) నేర్పేవాళ్లకి తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. పోత ఇనుప బెల్స్‌లో 12 నుంచి 16కి మారితే గుండు పెద్దదై ముంజేతి మీద ఆనేచోటు మారుతుంది, కుదిరిన టైమింగ్ చెడి మళ్లీ ముంజేతికి ఠపీమని తగలడం మొదలు. ఇవైతే బరువొక్కటే పెరుగుతుంది, ఆనేచోటు అదే. నల్లగా కమిలిన ముంజేతులతో ఇంటికెళ్లేవాళ్లు బాగా తగ్గారు. హ్యాండిల్‌కి రంగు ఉండదు, ఉత్త స్టీలు, కాబట్టి చాక్ (చేయి జారకుండా రాసుకునే తెల్ల పొడి) బాగా పట్టుకుంటుంది. కాయలు మాత్రం కాస్తాయి, వాటిని ఏ బెల్లూ ఆపలేదు, ఉబ్బెత్తుగా పెరగకముందే అరగదీసుకోమని క్లాసులో చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది.

ఇక లోపాలు. హ్యాండిల్ వెడల్పు తక్కువ, పెద్ద చేతులవాళ్లు రెండు చేతులతో స్వింగ్ చేస్తే చిటికెన వేళ్లు మూలల్లో నలుగుతాయి. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే కొత్తవాళ్లు మొదటి నెలంతా చేసేది రెండు చేతుల స్వింగే. అందుకే అరగదీసిన పాత బెల్స్ పారేయలేదు, వాటికి మళ్లీ పౌడర్ కోటింగ్ వేయించి స్వింగ్‌కి అవే ఇస్తున్నా. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్లకి 8 కిలోల బెల్ కూడా అంత పెద్ద గుండుతో ఉండటం ఇబ్బందే. ఉత్త స్టీలు కాబట్టి చెమట తుడవకుండా వదిలేస్తే తుప్పు, ఆఖరి బ్యాచ్ అయ్యాక పొడిగుడ్డ పట్టాల్సిందే. పైగా చవక రకాల్లో బరువు సరిపెట్టడానికి గుండు లోపల ఇనుప గుళ్లు పోసి మూసేస్తారు, అవి వదులైతే ప్రతి స్వింగ్‌కీ గజ్జెల చప్పుడే. నాకొచ్చిన మొదటి లాట్‌లో రెండు అలా మోగాయి, ఇంకోటి 16 అని రాసి ఉంది, తూస్తే 15.5. అమ్మినవాళ్లు మార్చి ఇచ్చారు కానీ నెల తిప్పారు.

నేను అసలు ఊహించనిది రంగుల సంగతి. ఈ పోటీ రకంలో ఒక్కో బరువుకి గుండు మీద ఒక్కో రంగు: 8 గులాబీ, 12 నీలం, 16 పసుపు, 20 ఊదా, 24 ఆకుపచ్చ, 28 నారింజ, 32 ఎరుపు. క్లాసు నడిపేవాళ్లకి ఇది పెద్ద సుఖం, గది చివర నిలబడ్డా ఎవరు ఏం పట్టుకున్నారో కనిపిస్తుంది. చిక్కేంటంటే గదిలో అందరికీ కనిపిస్తుంది! కొత్తగా చేరిన ఒకాయన గులాబీ రంగు బెల్ ముట్టుకోనే లేదు, పక్కవాళ్లని చూసి పసుపు తీసుకుని తల మీదికి ప్రెస్ చేయబోయి నడుం పట్టేసుకున్నారు. నల్ల బెల్స్ ఉన్నప్పుడు ఈ బెడద లేదు. ఇప్పుడు వార్మప్‌లో నేను కూడా గులాబీతోనే చేస్తున్నా, అప్పట్నుంచి ఎవరూ నామోషీ పడట్లేదు.

స్క్రూలు విప్పి బరువు మార్చుకునే రకం కూడా ఒకటి కొన్నా. ఒక్కరికో ఇద్దరికో నేర్పేటప్పుడు బాగుంటుంది, ఎనిమిది మంది ఎదురుచూస్తుండగా స్క్రూలు తిప్పుతూ కూర్చోలేం. కింద రబ్బరు మ్యాట్లు తప్పనిసరి, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

ఐదుకి నాలుగు ఇస్తా. అయితే ఎన్ని కొంటున్నారన్నది ఏ రకం అన్నదానికంటే ముఖ్యం. మనిషికి రెండు మీటర్ల చదరం లెక్కన చూస్తే నా గదిలో ఇంకో ఇద్దరు హాయిగా పడతారు. అయినా సాయంత్రం బ్యాచ్‌లో చేరడానికి ఇద్దరు రెండు నెలలుగా వెయిటింగ్‌లో ఉన్నారు, కారణం చోటు కాదు, 12లు చాలకపోవడం. ఊదా, నారింజ మాత్రం నెలకోసారి కూడా కదలవు. అందుకని ఇంకో రెండు నీలం, ఒక పసుపు తీసుకుంటున్నా, ఈసారి స్వయంగా వెళ్లి, చెవి దగ్గర ఊపి చూసి, తూకం వేయించి, హ్యాండిల్ లోపల వేలు పెట్టి తడిమాకే డబ్బులు కడతా.