పెరటి చాటుకు నెల్లీ స్టీవెన్స్ హాలీ: చాలా ఏళ్ల పెంపకం తరువాత

అమెరికాలోని నార్త్ కరొలినా రాష్ట్రంలో, రాలీ నగర పరిసరాల్లో కొత్త కాలనీల ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, పెరట్లో కూర్చున్నవారు పక్కింటి మేడ కిటికీల్లోంచి స్పష్టంగా కనిపిస్తారు. మా కాలనీ నిబంధనలు ఆరడుగులకు మించిన చెక్క కంచెను అనుమతించవు కాబట్టి, ఆ చూపులకు చాటును చెట్లతోనే ఏర్పరచుకోవాలని నెల్లీ స్టీవెన్స్ హాలీ అనే సతతహరిత చెట్లను వరుసగా నాటాము. ఇన్నేళ్ల తరువాత కూడా ఈ ప్రాంతానికి నేను ముందుగా సూచించేది ఈ చెట్టునే.

ఇది ఇంగ్లిష్ హాలీకి, చైనీస్ హాలీకి పుట్టిన సంకరం. ముదురాకుపచ్చ ఆకులు నిగనిగలాడుతూ ఏడాది పొడవునా చెట్టుపై నిలుస్తాయి. వసంతంలో కొత్త చిగుళ్లు వచ్చే వేళ పాత ఆకులు కొన్ని పసుపుబారి రాలుతాయి. అది తెగులు కాదు. మొదటి రెండేళ్లు ఎదుగుదల దాదాపు కనిపించదు. వేళ్లు కుదురుకున్నాక మాత్రం ఏటా రెండు మూడు అడుగులు పెరిగి, చివరకు 15 నుంచి 25 అడుగుల ఎత్తుకు చేరుతుంది.

ఇక్కడి ఎర్ర బంకమట్టి కొంత ఆమ్లగుణం కలది కనుక హాలీకి నప్పుతుంది, కానీ నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. అందుకే గుంతను లోతుగా కాక వెడల్పుగా తవ్వి, వేరుముద్ద పైభాగం నేలకంటే కాస్త ఎత్తుగా ఉండేలా నాటాలి. తొలి వేసవులలో వారానికొకసారైనా నేల లోతుగా తడిసేలా నీరు పెట్టాలి.

ఈ ప్రాంతంలో త్వరగా చాటు కావాలనుకునేవారు ఎక్కువగా లేలాండ్ సైప్రస్ అనే మరో సతతహరిత చెట్టును నాటుతారు. అది వేగంగా పెరిగే మాట నిజమే. అయితే సెయిరిడియం అనే శిలీంధ్రం సోకితే కొమ్మలు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి, ఎండిన చోట మళ్లీ చిగురు రాదు. హాలీ ముదురు కొమ్మను నరికినా చిగురిస్తుంది, ఎండ తగిలితే నేల వరకూ గుబురుగా ఉంటుంది. నా దృష్టిలో కంచె చెట్టుకు ఇంతకంటే ముఖ్యమైన గుణం లేదు. చలికాలం చివర, చిగుళ్లకు ముందే కత్తిరిస్తే ఆకారం చక్కగా నిలుస్తుంది.

ఆకుల అడుగున చేరే పొలుసు పురుగులను అప్పుడప్పుడు గమనించుకోవాలి. ఉద్యాన నూనెను (మొక్కల పురుగులపై చల్లే నూనె) ఆకు అడుగుభాగం తడిసేలా చల్లితే అదుపులోకి వస్తాయి. నెల్లీ స్టీవెన్స్ హాలీ ఆడ చెట్టు; దగ్గర మగ చెట్టు లేకపోయినా ఎర్రని కాయలు కాస్తుంది. చలికాలం చివర రాబిన్‌లు, సీడర్ వాక్స్‌వింగ్ పిట్టలు గుంపులుగా వచ్చి వాటిని తింటుంటే చూడడం నాకెంతో ఇష్టం. ఆ కాయలు మనుషులకు, కుక్కలకు మాత్రం విషం కనుక, చేతికందినది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో కింది కొమ్మల కాయలను తీసివేయడం మంచిది.

ఒక్కో చెట్టు ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల వెడల్పు పరచుకుంటుంది. అంత జాగా లేనివారు సన్నగా నిలువుగా పెరిగే స్కై పెన్సిల్ హాలీని చూడవచ్చు, కానీ అది సుమారు పది అడుగుల ఎత్తు దగ్గరే ఆగుతుంది కాబట్టి మేడ కిటికీలను కప్పలేదు.