హాకెన్ రైఫిల్‌కు కొత్త లాక్: ఎల్ అండ్ ఆర్ వారి ఆర్‌పీఎల్, దాని బిగింపు

హాకెన్ నమూనా ఫ్లింట్‌లాక్ రైఫిల్ (చెకుముకి రాయి నిప్పురవ్వలతో పేలే తుపాకీ) ఉన్నవారు, ముఖ్యంగా రెండు మూడు దశాబ్దాల కిందట కార్ఖానాలో తయారైన తుపాకీ చేతికి వచ్చినవారు, ఎప్పుడో ఒకప్పుడు లాక్‌ను, అంటే తుపాకిమందును అంటించే యంత్రాంగాన్ని, మార్చాలన్న ఆలోచన దగ్గరికి వస్తారు. అలాంటివారి కోసమే దక్షిణ కరోలినాలోని సమ్టర్ పట్టణానికి చెందిన ఎల్ అండ్ ఆర్ సంస్థ ఆర్‌పీఎల్ పేరుతో మార్పిడి లాకులు తయారుచేస్తోంది. ముందే తేల్చి చెప్పాలంటే లాక్ చాలా మంచిది, పెట్టిన డబ్బుకు తగినది. అయితే పాతది ఊడదీసి, ఒక్క మర తిప్పి కొత్తది బిగించేయవచ్చని అమ్మే దుకాణంలో చెప్పిన మాట మాత్రం నిజం కాదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం బిగింపు గురించే ఉండడానికి కారణం అదే.

సెయింట్ లూయీలో జేకబ్, శామ్యూల్ హాకెన్ సోదరులు 19వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో చేసిన రైఫిళ్ల పేరు మీద 1970 నుంచి అమెరికాలోనూ ఐరోపాలోనూ ఎన్నో నమూనాలు వచ్చాయి. మిగిలి ఉన్న అసలు హాకెన్లలో చాలావరకు పర్కషన్ క్యాప్‌తో (కొట్టగానే పేలే చిన్న లోహపు టోపీతో) పేలేవే కాబట్టి, ఫ్లింట్‌లాక్ హాకెన్ అన్నది చరిత్ర కంటే మార్కెట్ కోరిక అనడమే సబబు. నా దగ్గర ఉన్నది వాల్‌నట్ కర్ర, ఎనిమిది పలకల బారెల్, రెండు ట్రిగ్గర్లు ఉన్న 50 క్యాలిబర్ తుపాకీ. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే ఫ్లింట్‌లాక్ జింకల వేట కాలం 1974 నుంచీ ఉంది కనుక ఇక్కడ ఇటువంటి తుపాకులు పాతవస్తువుల దుకాణాల్లో కూడా దొరుకుతాయి. బారెల్ బాగుండి లాక్ అరిగిపోయినవే వాటిలో ఎక్కువ.

లాక్ చేసే పని చూడటానికి చిన్నదే. సుత్తిలా ముందుకు కొట్టే కాక్ దవడల మధ్య తోలు చుట్టి బిగించిన చెకుముకి రాయి ముందుకు దూకి, ఫ్రిజన్ అనే గట్టిపరచిన ఉక్కు పలకను గీకుతూ దాన్ని ముందుకు తెరుస్తుంది. కింద ఉన్న పాన్ అనే చిన్న పళ్లెంలో పోసిన సన్నని తుపాకిమందు మీద నిప్పురవ్వలు పడతాయి. ఆ మంట బారెల్ పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును అంటిస్తుంది. నిప్పురవ్వలు రాయివి కావు, రాయి చెక్కిన ఉక్కువి. ఎర్రగా కాలుతూ రాలే ఆ ఉక్కు తరుగు ఎంత వేడిగా, ఎంత నేరుగా పాన్‌లో పడుతుందన్నదే లాక్ నాణ్యతకు అసలు పరీక్ష. నా పాత లాక్‌లో మెయిన్‌స్ప్రింగ్ చుట్ట స్ప్రింగు. అది కాక్‌ను తోసేది గానీ, తోపు చివరిదాకా ఒకే తీరుగా ఉండేది కాదు. పైగా రాయి ఫ్రిజన్ ముఖాన్ని గీకడానికి బదులు దాదాపు నేరుగా గుద్దేది. కొత్త రాయి అంచు కొద్ది గుండ్లకే పెచ్చులూడిపోయి, రవ్వలు పాన్ అంచు దాటి బయట పడేవి.

ఆర్‌పీఎల్‌లో మొదట కంటికి ఆనే తేడా వి ఆకారపు పలక స్ప్రింగు. పాతకాలపు మంచి లాకుల్లో ఉండేది ఇదే. ఫుల్ కాక్‌కు, అంటే పేల్చే స్థితిదాకా కాక్‌ను వెనక్కి, లాగేటప్పుడు మొదట బరువుగా ఉండి చివర్లో తేలికపడుతుంది. వదిలినప్పుడు దీనికి సరిగ్గా తిరుగుడుగా, ముందుకు పోయేకొద్దీ జోరు పెరుగుతుంది. ఆ జోరు రాయి ఫ్రిజన్‌ను తాకే సమయానికి అందుతుంది కనుకనే రవ్వలు చిక్కగా వస్తాయి. రెండో విషయం ఫ్లై. ఇది టంబ్లర్‌లో, అంటే కాక్‌తో పాటు లాక్ లోపల తిరిగే భాగంలో, కదిలే చిన్న ముక్క. సెట్ ట్రిగ్గర్ (ముందు ఒకటి నొక్కి సిద్ధం చేస్తే రెండోది తేలికగా పేల్చే ట్రిగ్గర్ల జత) ఉన్న తుపాకీలో ట్రిగ్గర్, టంబ్లర్ గాటులో దిగి కాక్‌ను ఆపి ఉంచే సియర్‌ను ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది కాబట్టి, కాక్ కిందికి వస్తుండగా సియర్ ముక్కు హాఫ్ కాక్ (కాక్‌ను సగం లాగి నిలిపే స్థితి) గాటులో ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. ఫ్లై ఆ గాటును కప్పి ముక్కును దాటిస్తుంది. ఇంత చిన్నది లాక్ విప్పినప్పుడు కింద పడితే వెతకడం కష్టం కనుక, విప్పే బల్ల మీద తెల్లగుడ్డ పరచుకోవడం మంచిది.

ఇక బిగింపు. బారెల్ ఖాళీగా ఉందని గజం (మందు దట్టించే కడ్డీ) లోపలికి దించి, బయట దాని పొడవు కొలిచి నిర్ధారించుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. పాత తుపాకుల్లో ఎప్పుడో దట్టించి మరిచిపోయిన మందు ఉండడం వినని విషయం కాదు. ఆ తర్వాత బారెల్, పాత లాక్ తీసేసి, కొత్త లాక్‌ను స్ప్రింగు పట్టుకారుతో విప్పి, మొదట భాగాలన్నీ బిగించే ఖాళీ ప్లేటును ఒక్కదాన్నే కర్రలోని గూటిలో కూర్చోబెట్టి చూడాలి. మొత్తం లాక్‌ను ఒకేసారి దూర్చబోతే ఎక్కడ తగులుతోందో తెలియదు. ప్లేటు వెనుక అంచులకు దీపపు మసిని నూనెలో కలిపి పలుచగా పూసి, గూటిలో ఒత్తి తీస్తే, తగిలిన చోటల్లా చెక్క మీద నల్లని మచ్చ పడుతుంది. మన అమ్మమ్మలు ఆముదం దీపం మీద కంచు పళ్లెం బోర్లించి పట్టిన కాటుక లాంటిదే ఇది, ఇంట్లోనే చేసుకోవచ్చు. మచ్చ పడ్డ చోట మాత్రమే పదునైన ఉలితో కాగితమంత పొర గీకాలి. మళ్లీ మసి పూయాలి, మళ్లీ ఒత్తాలి. ఉలి అంచును గూటి లోపలి వైపే ఉంచాలి తప్ప, బయటికి కనిపించే అంచు మీదికి పోనివ్వకూడదు. అక్కడ పోయిన చెక్క మళ్లీ రాదు, ఆ సందు తుపాకీ ఉన్నన్నాళ్లూ కనిపిస్తూనే ఉంటుంది.

ప్లేటు కూర్చున్నాక బ్రైడిల్ (టంబ్లర్‌ను పట్టి ఉంచే ముక్క), టంబ్లర్, సియర్, చివర్లో స్ప్రింగులు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ అదే మసి పద్ధతిలో చూసుకోవాలి. నా తుపాకీలో ఎక్కువ చెక్క పోయింది మెయిన్‌స్ప్రింగ్ కింద. చుట్ట స్ప్రింగుకు తవ్విన గూడు, పలక స్ప్రింగు కదిలే చోటు ఒకటి కావు కాబట్టి అది సహజమే. స్ప్రింగు ఎక్కడ తగిలినా కాక్ మందగిస్తుంది. లాక్ చేతిలో ఉన్నప్పుడు చురుగ్గా కొట్టి, మర బిగించగానే నీరసపడితే చెక్క ఎక్కడో రాసుకుంటోందని అర్థం. అప్పుడు స్ప్రింగును అనుమానించడం దండగ.

అన్నిటికంటే ఓపిక అడిగేది పాన్‌కూ బారెల్‌కూ మధ్య పొందిక. ఇక్కడ బారెల్ రంధ్రం ఉన్న చోటే ఉంటుంది, లాకే దాని దగ్గరికి రావాలి. పాన్ పక్క అంచు బారెల్ పలకను సందు లేకుండా ఆనుకోవాలి, లేకపోతే సన్నని మందు ఆ సందులోంచి జారి లాక్ లోపలికి, చెక్క గూటిలోకి పోయి కూర్చుంటుంది. రంధ్రం మాత్రం పాన్ పై అంచు గీతకు దాదాపు సమానంగా ఉండాలి. మరీ దిగువన ఉంటే మందు రంధ్రాన్ని పూడ్చేసి, మంట ఎగరడానికి బదులు వత్తి కాలినట్టు మెల్లగా కాలుతూ లోపలికి పోతుంది. తుపాకీ పేలడంలో ఆ ఆలస్యం చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. ఆర్‌పీఎల్ ప్లేటు నా తుపాకీలో ఎత్తు విషయంలో సరిగ్గానే కుదిరింది, లోతు విషయంలో మాత్రం బారెల్‌ను ఆనుకునే దాకా గూటి అడుగును సమంగా దించవలసి వచ్చింది. రంధ్రాన్ని పెద్దది చేసి ఈ లెక్క సరిపెట్టమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. ఒక అంగుళంలో పదహారో వంతు ఉన్న రంధ్రాన్ని ఎందుకూ ముట్టుకోకపోవడమే మేలు.

ట్రిగ్గర్ దగ్గర పొరపాటుకు తావు ఇవ్వకూడదు. సియర్ తోక ట్రిగ్గర్ పలకకు ఎప్పుడూ ఆని ఉండకూడదు. హాఫ్ కాక్‌లోనూ ఫుల్ కాక్‌లోనూ వాటి మధ్య వెంట్రుకవాసి సందైనా ఉండాలి. ఆని ఉంటే సియర్ ముక్కు గాటు అడుగుదాకా దిగదు, సగంలో నిలిచిన ముక్కు చిన్న కుదుపుకే జారిపోవచ్చు. కొత్త లాక్ సియర్ తోక పాతదాని కంటే ఏమాత్రం కిందికి ఉన్నా, చెక్కలో దానికి దారి చేయాలి, లేదా ట్రిగ్గర్ పలక పై అంచును అరగదీయాలి. సియర్ ముక్కును, టంబ్లర్ గాట్లను ఆకురాయితో రుద్దాలన్న ఆలోచనే పెట్టుకోకూడదు. ఆ పని తెలిసిన గన్‌స్మిత్ చేయవలసినది. బిగించాక మందు లేకుండా హాఫ్ కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి చూడాలి, కాక్‌ను వేలితో ముందుకు తోసి చూడాలి. ఈ రెండింటికీ కాక్ కదలకుండా నిలిస్తేనే తర్వాతి మెట్టు.

ఇంతా చేశాక ఫలితం ఎలా ఉందంటే, గ్యారేజీలో దీపాలు ఆర్పి, పాన్ ఖాళీగా ఉంచి కాక్ వదిలినప్పుడు, పాత లాక్‌తో నాలుగైదు ఎర్రని చుక్కలు కనిపించే చోట ఇప్పుడు తెల్లగా మెరుస్తున్న రవ్వల గుత్తి పాన్ అడుగున పడి, ఒక్క క్షణం అక్కడే చిటపటలాడుతుంది. ముప్పావు అంగుళం ఇంగ్లీషు నల్ల చెకుముకి రాయి, అంచు ఫ్రిజన్‌ను పైనుంచి మూడో వంతు దగ్గర తాకేలా బిగిస్తే ఎక్కువ గుండ్లు నిలుస్తోంది. ఆ రాయి హాఫ్ కాక్‌లో, మూసిన ఫ్రిజన్‌కు తగలకుండా ఉండేంత పొడవే ఉండాలి. గురి చూసే బెంచీ మీద పాన్ మంట, తుపాకీ పేలుడు ఇప్పుడు ఒకే చప్పుడుగా వినిపిస్తున్నాయి. తేమ ఎక్కువగా ఉన్న రోజున పాన్‌లో మందు ముద్దకట్టడం మాత్రం ఏ లాక్ మార్చినా తప్పదు. బ్లాక్ పౌడర్ అనే నల్ల తుపాకిమందుకు బదులుగా అమ్మే ప్రత్యామ్నాయ పొడులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కోరతాయి కనుక, లాక్ ఎంత మంచిదైనా ఫ్లింట్‌లాక్‌లో అసలు బ్లాక్ పౌడరే వాడాలి.

ఖర్చు విషయం. లాక్ ధర నేను ఆ పాత తుపాకీకి ఇచ్చిన డబ్బులో దాదాపు సగం. దగ్గర్లోని ఒక గన్‌స్మిత్ బిగింపు కూలి దానికి దగ్గరగానే చెప్పి, వంతు రావడానికి నెలలు పడుతుందన్నాడు. ఉలి పట్టడం వచ్చినవారు సొంతంగా చేసుకోవచ్చు. రానివారు మాత్రం ఆ కూలిని కూడా లాక్ ధరలో కలిపి లెక్క చూసుకుని కొనాలి, అమ్మేవారి మాటను బట్టి కాదు. అమెరికా సమాఖ్య చట్టం, అంటే 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్, ఇలాంటి బ్లాక్ పౌడర్ తుపాకులను మామూలు ఆయుధాల నిర్వచనం నుంచి మినహాయించినా, రాష్ట్రాల నిబంధనలు వేరు. మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉండే న్యూజెర్సీలో ఈ విషయంలో చట్టం కఠినం. స్వదేశంలో అయితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద మూతిగుండా మందు దట్టించే తుపాకీకి కూడా లైసెన్సు ఉండాలి.

కొనేముందు ఇంకొక్క విషయం చూసుకోవాలి. మీ తుపాకీ కార్ఖానా పెట్టెతో, కాగితాలతో, అంతగా వాడని స్థితిలో ఉంటే, సేకర్తలు దానికి మంచి ధర ఇస్తారు. గూడు ఒకసారి వెడల్పయ్యాక పాత లాక్‌ను వెనక్కి బిగించినా అంచుల్లో సందు కనిపించి ఆ ధర పడిపోతుంది. అలాంటిదాన్ని అలాగే ఉంచి, కర్ర గీతలు పడి, బారెల్ మాత్రం శుభ్రంగా ఉన్న మరో తుపాకీని చవకగా కొని ఈ లాక్‌ను దానికి బిగించుకోవడం తెలివైన పని.