హనుమకొండ కాగితం కవర్ల వర్క్‌షాప్: సరుకు బాగుంది, కూలి లెక్కే తేలాలి

మేధో వైకల్యం ఉన్న యువతీయువకులు ఇక్కడ మందుల దుకాణాలకు కాగితం కవర్లు చేస్తారు. జాలిపడి కొనాల్సిన సరుకు కాదు. అడుగు మడత రెండు పొరలు, గంజి అంచుదాకా పట్టి ఉంటుంది. సిరప్ సీసా వేసినా విడిపోదు. పురుగు పట్టకుండా మైదా గంజిలో కాస్త మైలుతుత్తం కలుపుతారు. అది విషం కాబట్టి మిర్చీలు, బజ్జీలు కట్టడానికి మాత్రం వాడొద్దు.

పని పంచిన తీరు మెచ్చుకోవాలి. కాగితం మీద అట్ట అచ్చు పెట్టి, మూడు వైపులా మడిచి, అచ్చు లాగేస్తే కొలత తప్పదు. లెక్క రానివాళ్ల కోసం 25 రంధ్రాల చెక్క ఉంది. కవరుకో పుల్ల గుచ్చుతారు, చెక్క నిండితే ఒక కట్ట. ఆర్డరు మధ్యలో సైజు మారిస్తే అచ్చూ, చేతి అలవాటూ రెండూ మారాలి, తప్పులు అక్కడే మొదలవుతాయి. నమూనా కవరు ముందే ఇవ్వండి. వానాకాలంలో గంజి ఆరక కవర్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, పది రోజులు ముందు చెప్పాలి.

కూలి దగ్గరే పేచీ. వంద కవర్లకు ఇంత అని లెక్కగట్టి, దాన్ని స్టైఫండ్, అంటే శిక్షణ భత్యం అంటున్నారు. కోసిన కాగితం రాక చేతులు ఖాళీగా ఉన్న గంటల నష్టం కూడా పనివాళ్ల మీదే పడుతోంది. 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, రోజు లెక్కన కనీస కూలి మాత్రమే ఖరారైన పనిని ముక్కల లెక్కన చేయించినా ఆ కూలికి తగ్గకూడదని ఉండేది. వికలాంగుల విషయంలో మినహాయింపుకు 26వ సెక్షన్‌లో వీలుండేది నిజమే. కానీ అది ప్రభుత్వం ఆదేశమిస్తేనే, యజమాని తనంతట తాను కోసుకోవడానికి కాదు. అమెరికాలో 1938 కార్మిక చట్టం 14(సి) సెక్షన్ కింద వికలాంగులకు తక్కువ కూలి ఇవ్వాలన్నా కార్మిక శాఖ సర్టిఫికెట్ ఉండాల్సిందే. మన దగ్గర 2019 వేతనాల కోడ్ వచ్చాక కూడా ముక్కల పనికి కనీస కూలి నియమం పోలేదు.

శిక్షణ అంటారా, సరే. కానీ ఏళ్ల తరబడి అదే మనిషి, అదే మడత, సరుకేమో బజారుకు పోతుంటే అది ఉద్యోగమే. ప్రభుత్వం వికలాంగులకిచ్చే 4,016 రూపాయల పింఛను పోతుందేమోనన్న భయంతో కొందరు ఇంటివాళ్లే జీతం చీటీ వద్దంటారు. ఆ మాట చాటున తక్కువ కూలి ఇవ్వడం కుదరదు.

పెద్ద ఆర్డరు ఇచ్చేవాళ్లు హాజరు పట్టీ, కూలి రిజిస్టరు చూపించమని అడగండి. ధర బేరమాడేముందు వందకు కూలి ఎంత పడుతోందో కనుక్కోండి, తగ్గించే ప్రతి రూపాయీ ముందు అక్కడే కోత పడుతుంది.